నిండుకున్న ఊరు

ఆ పొద్దున ఆకాశం బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది. సముద్రంలో వాయుగుండం పట్టిందని ముందు రోజే రేడియోలో చెప్పారు. సూర్యుడు లేచాడని కోడి చెబితే నమ్మాం గానీ మేమెవరమూ చూడలేదు. అయినా మా మునగలదిన్నెలో ప్రతి ఇంటి ముందూ ఒక నులకమంచం వేసి ఉంది. మంచం మీద పాత చీర, చీర మీద దోస చీలికలు, కాకర చక్రాలు, ఉడకబెట్టిన గోరుచిక్కుళ్ళు. మంచాల పక్కన ఆడవాళ్ళు చేతులు కట్టుకుని పైకి చూస్తున్నారు. ఆ రోజు ప్రభుత్వం వారి ఎండబెట్టు దినం.

ఎండ లేదని మేం మనవి చేశాం. అధికారి వంశీధర్ గారు చేతిలో కాగితం చూసుకుని, రాష్ట్రమంతటికీ ఒకటే తేదీ అనీ, ఒక్క ఊరికోసం మార్చడం కుదరదనీ అన్నారు. మాలాంటి వాళ్ళకి అనుమానం రాకుండా ఆ కాగితంలో ఒక వాక్యం ముందే రాసి పెట్టారు. "వాతావరణ పరిస్థితులతో నిమిత్తము లేకుండా లబ్ధిదారులు ఎండబెట్టు ప్రక్రియను నిర్ణీత దినమున పూర్తి చేయవలెను." ఆయన దాన్ని రెండుసార్లు చదివి వినిపించారు. రెండోసారి చదువుతుండగా చినుకు పడింది.

ఇదంతా ఎందుకొచ్చిందో చెప్పాలి.

అంతకు ముందటి ఏడాది వానలు అదనుకి పడ్డాయి. మా ఊళ్ళో పెరడు లేని ఇల్లు లేదు. సొరపాదు మా పాకని కమ్మేసి, చాలక పక్కింటి పాక మీదికి పోయింది. దోసకాయలు కాళ్ళకి అడ్డం పడేవి. కాపు ఎక్కువైతే ఏం చెయ్యాలో మాకొక పద్ధతుంది. ముందు గోడ మీదినించి పక్కింటికి పోతాయి. వాళ్ళు వద్దనకూడదు. వాళ్ళ గిన్నె మనింటికి వస్తే ఉత్త గిన్నె తిరిగి ఇవ్వకూడదు, కనీసం నాలుగు కరివేపాకు రెబ్బలైనా వేసి ఇవ్వాలి. ఇచ్చిపుచ్చుకోగా మిగిలినవి కోసి ఎండబెడితే వరుగులు. రుబ్బి పెడితే ఒడియాలు. కారం కలిపితే ఊరగాయ. అప్పటికీ మిగిలితే గేదె ఉంది. ఆ ఏడు మాత్రం గేదెలు కూడా సొరకాయని చూసి మొహం తిప్పుకున్నాయి. అంచేత కొన్ని దోసకాయలు రోడ్డు పక్కన గుట్టపడి కుళ్ళాయి.

ఆ దారిన కారులో పోతున్న ఒక పెద్దాయన ఆ గుట్టని చూసి చలించారట. ఆయన చలించడం, మిగులు కూరగాయల సంరక్షణ సంస్థ పుట్టడం, దానికొక భవనం కట్టడం, భవనం ముందు సిమెంటుతో పెద్ద వంకాయ బొమ్మ పెట్టడం, అన్నీ అయ్యేసరికి ఆ దోసకాయలు ఎరువైపోయి ఆ ఎరువు మీద మళ్ళీ దోసపాదు కాసింది. అప్పుడు వంశీధర్ గారు మోటారుసైకిలు మీద మా ఊరొచ్చారు.

కుర్రాడు మంచివాడు. పట్నంలో హాస్టల్లో పెరిగాడు. ఎవరు పలకరించినా బండి ఆపి మాట్లాడేవాడు. ఆయన హోదా మండల మిగులు సంధానకర్త. అంత పొడుగు మాట మావాళ్ళ నోట పట్టక మిగులు బాబు అన్నారు. ఆయన ఏమీ అనుకోలేదు.

వచ్చిన మొదటి రోజే సభ పెట్టి, మిగులు అంటే ఏమిటో మాకు నేర్పారు. ఇంటివాళ్ళు తినగా ఉన్నది మిగులు. అది జాతి సంపద. దాన్ని గోడ మీదినించి పక్కింటికి ఇవ్వడం అనధికార బదిలీ. గేదెకి పెట్టడం దుర్వినియోగం. శాస్త్రీయంగా ఎండబెట్టి, డబ్బాల్లో పోసి, గ్రామ నిల్వ కేంద్రంలో ఉంచాలి. తర్వాత ఏం చెయ్యాలి అని ఎవరో అడిగారు. ఉంచాలి, అన్నారాయన.

"ఉంచి, ఎప్పుడు తింటాం బాబూ?" అని మా వదిన అడిగింది.

ఆయన ఓపిగ్గా చెప్పారు. తినగా ఉన్నది మిగులు గదా. దాన్ని కూడా తింటే అది తిన్నది అవుతుంది, మిగులు కాదు. అప్పుడు నిల్వ తగ్గుతుంది. నిల్వ తగ్గితే పై ఆఫీసులో గోడ మీద గీసిన నిల్వల గీత కిందికి వస్తుంది. గీత కిందికి రాకూడదు.

సభలో అందరం తలూపాం. మా ఊళ్ళో సభ అంటే తలూపడమే.

మా వదిన పేరు వెంకాయమ్మ. మా పెద్దన్న భార్య. అన్న పోయాక బళ్ళో పిల్లలకి మధ్యాహ్నం అన్నం వండే పనిలో కుదిరింది. మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ ఒకటి ఉంది. ఆ గోడ మీద ఎప్పుడూ ఏదో ఒక గిన్నె ఉంటుంది. ఊళ్ళో కురవని కప్పున్న గది బడి వంటగదేనని తేల్చి, దాన్నే గ్రామ నిల్వ కేంద్రం చేశారు. ఆమెని నిల్వ బాధ్యురాలిగా నియమించారు. నియామకంలో పేరు వంకాయమ్మ అని పడింది. దిద్దించమని నేనన్నాను. ఈ ఆఫీసుకి ఆ పేరే బాగుందిలే పిచ్చయ్యా, వదిలెయ్, అంది.

డబ్బాలు సంస్థ వాళ్ళే ఇచ్చారు. లోపల ఏముందో పైకి కనపడాలని అద్దంలాంటి ప్లాస్టిక్కుతో చేయించారట. పథకం పారదర్శకంగా ఉండాలని పై ఉత్తర్వు. ఆ సంగతి అందరికీ తెలియడం కోసం ప్రతి డబ్బాకీ చుట్టూ ఒక పెద్ద కాగితం అంటించారు. దాని మీద పారదర్శకత గురించి పెద్దల మాటలు, పెద్దల బొమ్మలు, నిబంధనలు ఉన్నాయి. కాగితం అంటించాక లోపల ఏముందో కనపడలేదు. మూత తీసి చూద్దామంటే ఆరో నిబంధన ప్రకారం మూత తియ్యకూడదు, గాలి చొరబడుతుంది.

సరే, ఎండబెట్టు దినం అయింది. చినుకుల్లో ఎండబెట్టిన వరుగుల్ని ఆ సాయంత్రమే డబ్బాల్లో పోయించి మూతలు వేయించి వంశీధర్ గారు వెళ్ళిపోయారు. ముక్క పట్టుకుంటే వేలికి అంటుకుంటోంది. వాయుగుండం పోయి ఆకాశం తెల్లబడ్డాక ఒక పొద్దున చూస్తే బడి డాబా మీద చీరలు పరిచి ఉన్నాయి. వదిన బూజు పట్టినవి పారేసి, మిగతావి మజ్జిగలో ముంచి, ఉప్పూ పసుపూ వేసి మళ్ళీ ఎండకి పోసింది. కాకర చక్రం విరిస్తే టక్కున చప్పుడయ్యేదాకా ఎండబెట్టింది. కాకుల్ని తోలడానికి నన్ను కూచోబెట్టింది. ఇది నిబంధనల్లో ఉందా వదినా అన్నాను. కాకులకి చదువు రాదుగా, అంది.

ఎండాకాలం సెలవులు అయిపోయి బడి తెరిచారు. జ్యేష్ఠంలో మా వైపు పెరళ్ళలో మట్టి తప్ప ఏమీ ఉండదు. బడికి వారం వారం పట్నం నించి ఆటోలో కూరగాయలు వస్తాయి. అవి రెండు రోజులకి సరిపోతాయి. మిగతా రోజుల్లో వదిన డబ్బా మూత తీసి వరుగులు నానబెట్టేది. గోరుచిక్కుడు వరుగు పులుసు పెట్టిన రోజు పిల్లలు పళ్ళేలు నాకేవాళ్ళు. తినకూడదన్నారు గదా అని నేను గుర్తు చేశాను. ఆ మిగులు బాబు తమాషాకి అన్నాడేమోలే, అంది. వస్తువు దాచేది తినడానికి కాదని ఎవరైనా నిజంగా అనుకుంటారని ఆమెకి తోచలేదు.

ఆషాఢం మొదట్లో డబ్బాలు అడుగంటాయి. సరిగ్గా అప్పుడే వార్షిక నిల్వ తనిఖీకి వంశీధర్ గారు వచ్చారు.

మూత తియ్యకూడదు గనక తనిఖీ నోటిమాట మీద జరిగింది. ఆయన బడి వంటగది గుమ్మంలో నిలబడి, వరుగుల నిల్వ ఏ స్థితిలో ఉందమ్మా అని అడిగారు.

వదిన పొయ్యి ఊదుతోంది. తల ఎత్తకుండానే చెప్పింది. "నిండుకున్నాయి బాబూ."

మా వైపు ఇంట్లో వస్తువు అయిపోతే లేదనరు. వెళ్ళే మనిషి వస్తానంటాడు. దీపం ఆరితే కొండెక్కిందంటాం. బియ్యం అయిపోతే బియ్యం నిండుకున్నాయంటాం. పుట్టిన దగ్గర్నించీ ఇదే మాట. వంశీధర్ గారు హాస్టల్లో పెరిగారని చెప్పానుగా. హాస్టల్లో అన్నీ అయిపోతాయి గానీ ఏవీ నిండుకోవు.

ఆయన మొహం వెలిగిపోయింది. అన్నీనా, అని అడిగారు. అన్నీ, అంది వదిన. ఒక్కటి కూడా మిగల్లేదు గదా ఖాళీ డబ్బా, అన్నారు. ఆమెకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. నిండుకున్నాయని చెప్పాగా, అంది. ఆయన ఇంటింటికీ కూడా తిరిగారు. ఒడియాలు? నిండుకున్నాయి. దోసావకాయ? మొన్ననే నిండుకుంది. చల్ల మిరపకాయలు? అవి ఉగాదికే నిండుకున్నాయి నాయనా. ఇంత ముందుగానా అని ఆయన ఆశ్చర్యపోయారు. మా ఊరి నించి ఆయన పోతున్నప్పుడు బండి మీద పాట పాడుకుంటూ పోయారు.

పది రోజుల్లో మా ఊరిని సంపూర్ణ నిండు గ్రామంగా ప్రకటించారు. పొలిమేరలో బోర్డు పాతారు. ఆ వారం కూరగాయల ఆటో రాలేదు. పై వారమూ రాలేదు. కనుక్కుంటే ఒక ఉత్తర్వు చూపించారు. "సదరు గ్రామము నందు నిల్వలు నిండుకున్నవి. కనుక పాఠశాలకు కూరగాయల సరఫరా ఆపవలెను."

ఇక్కడితో ఆగితే బాగుండేది. నిండిన ఊరి నించి నిండని చోటికి తరలించాలని పైవాళ్ళకి ఆలోచన వచ్చింది. మా వరుగులు పట్నంలో ఆడపిల్లల హాస్టలుకి చేర్చమని లారీ పంపారు. లారీ డ్రైవరు పల్లెటూరి మనిషి. వంటగది ముందు దిగి, ఏమ్మా సరుకు, అన్నాడు. నిండుకుందయ్యా, అంది వదిన. అతను ఇంకో మాట అడగలేదు. మంచినీళ్ళు తాగి ఉత్త లారీ తోలుకుని పోయాడు. ఆఫీసువాళ్ళు అడిగితే, నిండుకుందండి, అన్నాడట. లారీ నిండుకుని వచ్చిందని వాళ్ళు రాసుకున్నారు. నిండు లారీ హాస్టలుకి చేరింది గనక హాస్టలుకి కూడా కూరగాయలు ఆపేశారు. హాస్టలు వంటమనిషిని వెళ్ళి అడిగారు. ఆవిడ మా పక్క ఊరావిడే. ఏం చెప్పి ఉంటుందో చెప్పక్కర్లేదు.

శ్రావణం వచ్చేసరికి జిల్లాలో సగం నిండుకుంది. పైన గోడ మీద గీత పైకప్పుకి తగిలిందనీ, కొత్త గోడకి అనుమతి అడిగారనీ విన్నాం.

బళ్ళో పిల్లలకి చారన్నం మిగిలింది. ఊళ్ళో వాళ్ళం మునగాకు, తోటకూర దొరికినంత ఏరి ఇచ్చాం. పెరళ్ళలో పాదులు అప్పుడే తీగ సాగుతున్నాయి. తీగని వండలేం గదా. పిల్లలు చారులో వేలు తిప్పి ముక్క కోసం వెతికేవాళ్ళు. చింతపండు పీచు దొరికితే దాన్నే చప్పరించేవాళ్ళు. చిన్న పిల్లలు కొందరు రెండో ముద్దకే పళ్ళెం పక్కకి నెట్టేవాళ్ళు. అది చూసి వదిన లోపలికి పోయి గిన్నెలు గట్టిగా తోమేది. ఆమె తిండి కూడా తగ్గింది. గోడ మీద నేను పెట్టిన గిన్నె పెట్టినచోటే ఉండేది.

చూడలేక నేను మండలం ఆఫీసుకి పోయాను. సిమెంటు వంకాయ పక్కన సైకిలు పెట్టి లోపలికి పోయి, అయ్యా, మా ఊళ్ళో వరుగులు లేవు, అయిపోయాయి, అని చెప్పాను. వంశీధర్ గారు కుర్చీ చూపించారు. నేను కూచున్నాను. మీరెవరు, నిల్వ బాధ్యులా, అని అడిగారు. కాదన్నాను. నిల్వ స్థితి మీద వాఙ్మూలం నిల్వ బాధ్యురాలే ఇవ్వాలట. ఆమె నిండుకున్నాయని చెప్పాక మరిది వచ్చి లేవంటే అది కుటుంబ కలహం కిందికి వస్తుందట. నిండుకోవడమంటే అయిపోవడమని చెప్పాను. ఆయన నా వైపు జాలిగా చూసి, నిండు అనే మాట ఎదురుగా కనపడుతుంటే అలా ఎలా అవుతుంది పిచ్చయ్య గారూ, అన్నారు. ఇంకా నయం, బడిలో దీపం కొండెక్కిందని మేం చెప్పలేదు, కొండకి కరెంటు బిల్లు వెళ్ళేది అనుకున్నాను.

చివరికి ఆయనే ఒక దారి చెప్పారు. సంస్థ సంచాలకుల వారు నిండు గ్రామం అవార్డు ఇవ్వడానికి వచ్చే వారం మా ఊరొస్తున్నారు. ఆయన ముందు వెంకాయమ్మ గారు స్వయంగా, స్పష్టంగా, లేవు అని ఒక్క మాట అంటే చాలు. మర్నాడే ఆటో బయల్దేరుతుంది.

ఒక్క మాటే గదా అని నేను సంతోషంగా ఇంటికొచ్చాను. గోడ దగ్గర నిలబడి వదినకి చెప్పాను. ఆమె చాటలో బియ్యం ఏరుతోంది. విన్నది. రాళ్ళు ఏరడం ఆపలేదు.

"అననయ్యా," అంది.

పిల్లల కోసం వదినా, అన్నాను.

"పిల్లల కోసమే. అన్నం పెట్టే చోట నిలబడి లేవు అని ఈ నోటితో ఎన్నడూ అనలేదు. మీ అన్న పోయిన ఏడు ఇంట్లో గింజ లేదు. అప్పుడూ అనలేదు. ఆ మాట ఒకసారి పొయ్యి వింటే చాలు, అదింక అక్కడే కాపురం పెడుతుంది."

అయితే బడి దగ్గర వద్దు, మండలం ఆఫీసుకొచ్చి అనమన్నాను. ఆమె ఒక రాయి ఏరి పారేసింది. ఆ మాట అన్న నోటిని మోసుకుని మళ్ళీ ఇక్కడికే రావాలిగా, అంది. ఆమె మొండిదని తెలుసు. మూర్ఖత్వమని కూడా అనిపించింది. కానీ ఆ రాత్రి మా ఆవిడ నెయ్యి ఉందా అని నేనడిగితే, నిండుకుందండి, అంది. లేదను, అన్నాను. ఆమె నా వంక చూసి దీపం పెద్దది చేసింది. నాకు జ్వరమేమోనని.

సంచాలకులు దివాకరం గారు వచ్చిన రోజు సన్నగా జల్లు పడుతోంది. పెద్ద మనిషి. తెల్ల జుట్టు, ఇస్త్రీ బట్టలు. బడి వరండాలో సభ. పిల్లల్ని వరసగా కూచోబెట్టారు. ఆయన చాలాసేపు మాట్లాడారు. నిండు కుండ తొణకదు, అన్నారు. మునగలదిన్నె ప్రజలు తొణకని ప్రజలు, అన్నారు. ఆకలి అనేది కేవలం నిల్వ లోపము వలన కలుగు భ్రాంతి అనీ, నిల్వ ఉన్నదన్న స్పృహయే సగం భోజనమనీ సెలవిచ్చారు. మిగతా సగం గురించి చెప్పలేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు. వాళ్ళకి ఆకలవుతోంది గనక తొందరగా కొట్టి ఆపేశారు.

అవార్డు ఒక ఇత్తడి కుండ. అందులో మా ఊరి వరుగులు పోసి, పట్టుకుని ఫోటో తీయించుకోవాలని ఏర్పాటు. ఈ ఒక్కసారికి ఆరో నిబంధన సడలిస్తూ ఉత్తర్వు కూడా ముందే రాయించుకొచ్చారు. దివాకరం గారు వంటగదిలోకి వచ్చి ఒక డబ్బా మూత తన చేత్తో తీశారు. లోపలికి చూశారు. రెండోది తీశారు. తర్వాత వంశీధర్ గారు గబగబా అన్నీ తీశారు. డబ్బాలన్నీ కడిగి బోర్లించి ఆరబెట్టినవి. శుభ్రంగా ఉన్నాయి.

"ఇవి ఖాళీగా ఉన్నాయేమిటి?" అన్నారు సంచాలకులు.

"నిండుకున్నాయి బాబూ," అంది వదిన.

"నిండుకుంటే ఖాళీగా ఎందుకుంటాయి?"

"నిండుకుంటే ఖాళీగా కాక ఎలా ఉంటాయి?"

పొయ్యి మీద చారు తెర్లుతోంది. నేను వదిన వంక చూశాను. అనమని కళ్ళతో చెప్పాను. వంశీధర్ గారు కూడా, చెప్పండమ్మా, ఒక్క మాట, ఉన్నాయా లేవా, అని మెల్లిగా బతిమాలారు. పాపం ఆ కుర్రాడికి చెమట పట్టింది. వదిన గుమ్మం బయట కూచున్న పిల్లల వైపు చూసింది. పెదాలు కదిలాయి. ఆ మాట వస్తుందేమో అనుకున్నాను. ఆమె గరిట తీసుకుని చారు కలిపింది.

"నిండుకున్నాయి," అంది మళ్ళీ.

దివాకరం గారికి కోపం రాలేదు. ఆయన పద్ధతైన మనిషి. ఇది పరిపాలనా సమస్య కాదు, పదార్థ నిర్ణయ సమస్య, అంటే మాటకి అర్థం తేల్చే సమస్య అన్నారు. అర్హత గల వారిని సంప్రదించి ఇక్కడే తేల్చేద్దామన్నారు. తన తల్లి ఎనభై దాటిన మనిషి అనీ, తన ఇంట్లోనే ఉంటారనీ, తెలుగు మాటలో ఆవిడని మించిన ప్రమాణం లేదనీ చెప్పి ఫోను తీశారు. అందరికీ వినపడాలని శబ్దం పెంచి, ఒక ఖాళీ డబ్బా బోర్లించి దాని మీద పెట్టారు.

"అమ్మా, నేను. ఇక్కడ ఒక ఊళ్ళో ఉన్నాను. వరుగులు నిండుకున్నాయి అంటున్నారు."

ఫోనులో ఆవిడ గొంతు వినపడింది.

"అయ్యో. పిల్లలున్న ఇల్లా నాయనా?"

"ఇల్లు కాదమ్మా, బడి. మాట అర్థం కోసం..."

"బళ్ళో నిండుకుంటే నువ్వక్కడ నిలబడి నాకు ఫోను చేస్తావేంట్రా? పొద్దున నేను కట్టిచ్చిన కారియరేదీ?"

ఆయన ఏదో చెప్పబోయారు. అవతల ఫోను పెట్టేసినట్టున్నారు.

దివాకరం గారు డబ్బా మీది ఫోను తీసి జేబులో పెట్టుకున్నారు. తర్వాత ఉత్తర్వుల కట్ట ఇమ్మని చెయ్యి చాపారు. వంశీధర్ గారు ఇచ్చారు. సదరు గ్రామము నందు నిల్వలు నిండుకున్నవి అన్న వాక్యం దగ్గర పెన్ను ఆగింది. దాన్ని కొట్టెయ్యలేదు. ప్రభుత్వం ఒకసారి అన్న మాట కొట్టెయ్యకూడదట. దాని కింద, కనుక సరఫరా ఆపవలెను అన్నచోట ఆపవలెను కొట్టేసి పంపవలెను అని రాసి సంతకం పెట్టారు. నిండుకున్న ఊళ్ళన్నిటికీ ఇదే పంపమన్నారు. కారణం ఏమని రాయమంటారు సార్ అని వంశీధర్ గారు అడిగారు. నిండుకున్నందువల్ల అని రాయమన్నారు.

తర్వాత డ్రైవరుని పిలిచి కారియరు తెప్పించారు. పాతకాలపు ఇత్తడి కారియరు. కూర గిన్నె మూత తీస్తే గోరుచిక్కుడు వరుగు కూర. కొబ్బరి కోరి వేశారు. పట్నంలో మేడ మీద ఎక్కడ ఎండబెట్టారో ఆవిడ. సంచాలకుల వారు దాన్ని రెండు చేతులా పట్టుకుని వదినకి ఇచ్చారు.

ఒక మనిషికి కట్టిన కూర. వదిన చిన్న చెంచా తీసుకుని వరస మొదటినించి వడ్డించింది. ఒక్కొక్క పళ్ళెంలో బొటనవేలంత. కొందరికి ఒక ముక్క, కొందరికి అరముక్క, చివరివాళ్ళకి గిన్నె తుడిచిన అన్నం. ఎవరికీ లేదనలేదు. దివాకరం గారు వరండాలో పిల్లల వరస చివర ఇస్త్రీ పంచెతో కింద కూచున్నారు. వంశీధర్ గారు ఆయన పక్కన, నేను ఆయన పక్కన. మాకు చారన్నం పెట్టింది.

గిన్నె ఖాళీ అయ్యాక వదిన దాన్ని కడిగింది. చీరచెంగుతో తుడిచింది. ఉత్తది ఇవ్వకూడదు గదా. వంటగది చుట్టూ చూసింది. ఏమీ కనపడలేదు. చివరికి గోడకి కొట్టిన పిడక ఒకటి పెరికింది. అందులో విత్తనానికని పోయినేటి దోస గింజలు అద్ది ఉన్నాయి. వాటిని గోటితో ఒలిచి గిన్నెలో వేసి మూత పెట్టి, కారియరు తగిలించి, సంచాలకుల వారి పక్కన పెట్టింది. ఆయన చూశారు. ఏమిటని అడగలేదు.

అప్పుడు తనూ పళ్ళెం తెచ్చుకుని పిల్లల్లో కూచుంది. బయట జల్లు పడుతోంది. అందరం తిన్నాం. పిల్లలు కూర ముక్కని ఆఖరి ముద్ద దాకా పళ్ళెం అంచున దాచుకున్నారు. దివాకరం గారు చారులో ఒకసారి వేలు తిప్పి చూశారు. ఎవరూ మారు అడగలేదు.